రెండు నిమిషాల మేవిస్

ఆగస్టు ఆఖరి ఆదివారం, అక్కడ చలికాలం చివరి వారం, పొద్దున్నే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ తీరంలో, అలల అంచున రాళ్ల మధ్య కట్టిన ఈతకొలను. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది. మూసిన తలుపుకి లోపల మేవిస్, బయట ఆమె తమ్ముడి భార్య నోలా.

“తలుపు తియ్ వదినా.”

“తియ్యను.”

“ఇరవై నిమిషాలైంది. లోపల ఈతబట్టలు కొత్తగా నేస్తున్నావా?”

“కెల్విన్‌కి స్టిక్కరు అంటిస్తున్నా.”

“మళ్లీనా? ఇది మూడోది!”

“రెండోది. మొదటిది మోచేతికి అంటుకుంది. పొట్ట మీది సంచికి పైన గాలి పోయే చిల్లుంటుంది కదే, నీళ్లలో దిగేముందు అది మూయాలి. చలికి వేళ్లు కొయ్యబారిపోయి పట్టు దొరకట్లేదు.”

“కెల్విన్ ఏం చేస్తున్నాడు?”

“పడుకున్నాడు. నువ్వరిచి లేపకు.”

“పేగుకి మనిషి పేరు పెట్టి జోలపాడేది ఈ తీరం మొత్తానికి నువ్వొక్కదానివే.”

“పెట్టమని నర్సే చెప్పిందే. క్యాన్సరుతోపాటు మలం పోయే కింది దారీ తీసేసి, పొట్ట మీద కొత్త దారి తెరిచి సంచి తగిలించారు, ఇక చచ్చేదాకా ఇదే, పేరు పెట్టుకుంటే కోపం తగ్గుతుంది అంది. నేను బస్సు నడిపిన పంతొమ్మిదేళ్లూ డిపోలో మేనేజరు కెల్విన్. అడిగితే నోరు విప్పేవాడు కాదు. అందరూ నోరు మూసుకున్నప్పుడు మొదలెట్టేవాడు. వీడూ అచ్చం అంతే.”

“అసలు కెల్విన్‌కి తెలిస్తే?”

“మొన్న రొట్టెల కొట్లో కనబడ్డాడు. ‘ఏం మేవిస్, ఎప్పుడైనా నన్ను తలుచుకుంటావా?’ అన్నాడు. రోజుకి నాలుగుసార్లు తలుచుకుంటానన్నా. ఎంత మురిసిపోయాడనుకున్నావ్!”

“ఛీ, పాపం! సరే, నవ్వింది చాలు, బయటికి రా. ఇవాళ దాటితే లేదు. వరుసగా రెండు చలికాలాలు నీళ్లలో దిగకపోతే గోడ మీంచి పేరు పలక తీసేస్తారు. మన ఈత క్లబ్బు నడిపే బేసిల్ స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. నా కళ్లతో చూశా.”

“తియ్యనీ.”

“ముప్పై ఒక్క చలికాలాలు ఈదావు వదినా!”

“ముప్పై ఒకటి చాలవా? ముప్పై రెండోది నీళ్లలో చూడు, రాళ్లలో చూడు, ఒకటే.”

“అదేం మాటో నీకైనా అర్థమైందా?”

“అర్థం కాలేదు. చలేస్తోంది. నోటికొచ్చింది అన్నా.”

“అమ్మాయిలూ! మేవిస్ లోపలుందా? నేను బేసిల్‌ని. గది బయటే నిలబడ్డా, లోపలికి చూడట్లేదు.”

“ఉంది బేసిల్ గారూ. వచ్చేస్తోంది.”

“భుజం ఎలా ఉంది మేవిస్?”

“భుజమా? ఆ... పట్టేసింది బేసిల్ గారూ.”

“మా రైల్వేలో సిగ్నలు లాగి లాగి నాకూ అంతే. గుర్రాలకి పూసే నూనె పంపాను కదా, పూశావా?”

“పూశాను. కుక్క ఇంట్లోంచి పారిపోయింది.”

“అదీ మందంటే! పది నిమిషాల్లో మొదలు. నల్లబల్ల మీద నీ టైము రాసేశా.”

“...వెళ్లాడా నోలా?”

“వెళ్లాడు. ఏడాదిన్నరగా ఆ ముసలాయనకి భుజం కథ చెప్తున్నావ్. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నదానివి నువ్వే.”

“మరేం చెప్పనే? పేగు బయటికొచ్చి పొట్ట మీద గులాబీ మొగ్గలా కూచుందని చెప్పనా?”

“గులాబీ మొగ్గలా ఉంటుందా? నిజంగా?”

“తడి గులాబీ మొగ్గ. నొప్పుండదు. ముట్టుకున్నా తెలీదు.”

“అసలు నొప్పే ఉండదా? మొదట్లో కూడానా?”

“మొదట్లో కోత నొప్పి. మొగ్గకి కాదు. ఎందుకడుగుతున్నావ్?”

“ఊరికే. వదినా, ఇంకో మాట. కోప్పడకు.”

“కోప్పడకు అని మొదలెట్టావంటే కోప్పడాల్సిన మాటే.”

“నల్లబల్ల మీద నీ టైమెంత రాయించావ్?”

“రెండు నిమిషాలు.”

“యాభై మీటర్లకి రెండు నిమిషాలా? తాబేలైనా సిగ్గుపడుతుంది!”

“కావాలనే. ఎవరి కంటా పడకుండా అందరి వెనకాల నెమ్మదిగా పాక్కుంటూ...”

“అందరి వెనకాలా?”

“ఊఁ.”

“ముప్పై ఒక్క ఏళ్లుగా మీరు ఆడుతున్న ఆట ఇది. అందరూ ఒకేసారి అవతలి గోడ ముట్టాలని కదా ఈ లెక్కంతా? ఎవరి టైము వాళ్లే చెప్పుకోవాలి. బేసిల్ అంకెలు లెక్కపెడుతుంటే వరసగా దూకాలి. ఎక్కువ టైము చెప్పుకున్నవాళ్లు ఎప్పుడు దూకుతారు?”

“...అయ్యో.”

“చెప్పు చెప్పు.”

“అయ్యో అయ్యో.”

“అందరికంటే ముందు! ఒక్కదానివే! మిగతా పద్దెనిమిది మందీ గోడ మీద నిలబడి, వాళ్ల అంకె వచ్చేదాకా చేసే పనేం లేక, నిన్నే చూస్తూ...”

“దాక్కుందామని నేరుగా స్టేజీ ఎక్కానన్నమాట! నోలా, పరిగెత్తి అరవై సెకన్లని మార్పించవే!”

“అడిగా. సుద్దతో రాశాక దేవుడు స్వర్గంలోంచి దిగివచ్చినా మార్చనన్నాడు.”

“అయితే అయిపోయింది. పలక తీసుకోమను. తువ్వాలు ఇటు విసురు, ఇంటికి పోదాం.”

“పోవడం లేదు.”

“నీకెందుకే అంత పట్టు? నీకు ఈతే రాదు. టైము గడియారం పట్టుకుని గట్టు మీద వెక్కిరించడం తప్ప ఈ క్లబ్బులో నీ పనేంటి?”

“అదే నా పని. ఏడాదిన్నరగా వెక్కిరించడానికి మనిషి లేదు. సరే గానీ, బోర్లా పడుకోగలవా ఇప్పుడు?”

“ఏంటి?”

“నిద్రలో. బోర్లా. నువ్వు ఎప్పుడూ అలాగే పడుకునేదానివి కదా.”

“మూణ్ణెల్లు వెల్లకిలా శవంలా పడుకున్నా. తర్వాత పక్కకి తిరిగా. ఇప్పుడు దిండు ఆసరాగా పెట్టుకుని సగం బోర్లా. అయినా ఈత గురించి మాట్లాడుతూ నిద్రలోకి ఎందుకెళ్లావ్?”

“ఊరికే. మరి తిండో?”

“అన్నీ తింటా. ఉల్లిపాయ తిన్నానంటే కెల్విన్ ప్రసంగం ఇస్తాడు. సోడా తాగితే పాట. ఇవాళ పొద్దున రొట్టెముక్క, నాలుగు మార్ష్‌మెలో మిఠాయిలు తిన్నా, అంతే. అవి తింటే వాడు మత్తుగా పడుంటాడని మా సంఘంలో ఒకావిడ చెప్పింది.”

“ఏ సంఘం?”

“సంచులవాళ్ల సంఘం. నెలనెలా సంచుల పెట్టె పంపేది వాళ్లే. పెట్టెలు కట్టేవాళ్లకీ సంచులే. అందరూ ముసలోళ్లే, అందరూ వాగుడుకాయలే. ఒకాయన సంచి పెట్టుకుని గుర్రపుస్వారీ చేస్తాడు.”

“గుర్రమా! మరి... మీ ఆయన, కీత్ అన్నయ్యగారు?”

“కీత్‌కి గుర్రం లేదు.”

“అది కాదు వదినా. నీకూ ఆయనకీ... అంటే...”

“నోలా! నీ మొహం మండ! ఇక్కడ, ఈ తలుపుకి ఇవతలా అవతలా నిలబడి?”

“తలుపు ఉందనేగా అడుగుతున్నా. లేకపోతే అడిగేదాన్నా?”

“...నాలుగు నెలలు వేరే గదిలో పడుకున్నా. దగ్గరికి రానివ్వలా. ఓ ఆదివారం మధ్యాహ్నం దిండు చంకలో పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ‘కెల్విన్ గారూ, నలభై ఏళ్లుగా ఈ మంచం నాది. కాస్త జరుగుతారా?’ అన్నాడు.”

“అయ్యో మా అన్నయ్యగారు!”

“నవ్వానే. నవ్వితే పొట్ట కదిలింది, పొట్ట కదిలితే వాడు పలికాడు. కీత్ ‘థాంక్సండీ’ అని ఎక్కి పడుకున్నాడు.”

“...”

“నోలా? ఉన్నావా?”

“ఉన్నా. ముక్కు తుడుచుకుంటున్నా. చలి.”

“అన్నీ బాగానే ఉన్నాయి. పోయిన నెల స్కానులో కూడా ఏమీ లేదన్నారు. అయినా ఈ తలుపు తియ్యలేకపోతున్నా.”

“దేనికి భయం? ఊడిపోతుందనా?”

“ఊడదు. స్నానాలతొట్టిలో గంటసేపు కూచుని చూశా. ఇదివరకొకసారి కొట్లో కారింది, సరుకులు నిండిన బండి వదిలేసి పారిపోయి వచ్చా. అదీ బతికా. నీళ్లంటే భయం లేదే. ఈత అయ్యాక బెంచీ మీద అందరం ఒకరినొకరు ఆనుకుని వణుకుతూ టీ తాగుతాం కదా? నా పక్కనున్నవాళ్లు ఒక్క అంగుళం జరుగుతారు చూడు. మర్యాదగా, నవ్వుతూనే. ఆ అంగుళానికి నేను చచ్చిపోతానే.”

“జరిగితే వాళ్ల ఒళ్లో కూచుంటా.”

“నువ్వు అన్నంత పనీ చేస్తావ్.”

“ఒకవేళ ఊడి నీళ్ల మీద తేలిందనుకో, నేను బట్టలతో దూకి ‘ఇది నాదే, ఎవరూ ముట్టుకోకండి!’ అని అరుస్తా.”

“నీకు ఈత రాదు కదే!”

“అందుకే అందరూ నన్నే చూస్తారు. నిన్నెవరూ చూడరు.”

“అమ్మాయిలూ! బేసిల్‌ని. రెండు నిమిషాలే ఉంది. మేవిస్ వస్తోందా, పలక ఊడదియ్యమంటారా?”

“వస్తోంది బేసిల్ గారూ, భుజానికి...”

“ఏమిటా చప్పుడు?”

“ఏ చప్పుడు?”

“ఎవరో బాకా ఊదినట్టు.”

“...నేనే బేసిల్ గారూ, నోలాని. నిన్న చిక్కుళ్లు తిన్నా.”

“అంత పొడుగునా?”

“చాలా తిన్నా.”

“అదిగో మళ్లీ!”

“మారు వడ్డించుకున్నా.”

“...ఇక్కడ గట్టు మీద గాలి బాగుందమ్మా. కాసేపు వచ్చి నిలబడు. నేను... నేను అవతలికి పోతున్నా.”

“వెళ్లాడా నోలా?”

“పరిగెత్తాడు! డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మెట్లు రెండేసి చొప్పున దిగాడు!”

“మారు... మారు వడ్డించుకున్నావా... అమ్మో, నా డొక్కలు... నోలా, ఆపవే...”

“కెల్విన్ లేచాడా?”

“లేచి ఊరంతా లేపాడు! మార్ష్‌మెలోలు దండగ!”

“వదినా, తలుపు తీశావ్.”

“తియ్యలేదు. నవ్వలేక గొళ్లెం మీద పడ్డా. ఎలా ఉన్నా?”

“ఎక్కడుంది సంచి? కనబడదే!”

“ఇదిగో, ఈ మడత కింద. ఏం, మరీ అంత దగ్గరికొచ్చి చూడాలా?”

“ఇంతేనా? ఇంత చిన్నదా? నేను గోనెసంచంత ఊహించుకున్నా.”

“నోలా, వాడి నేరం నీ మీద వేసుకున్నావే. మొహం కూడా ఎర్రబడలేదు.”

“ఎందుకు ఎర్రబడాలి? చేశానన్నా, అయిపోయింది. ఆకాశం విరిగి పడిందా?”

“పడలేదు.”

“మరి నడువు. మునిగినవాడికి చలేమిటి అన్నారు, ముందు మునుగు.”

కొలను గట్టు.

“అందరూ గోడ మీదికి! ఎవరి అంకె వాళ్లు గుర్తుపెట్టుకోండి. చెప్పిన టైముకన్నా తొందరగా వస్తే రద్దు, ఏడ్చినా వినను. మేవిస్, ముందు నువ్వే. భుజం జాగ్రత్త. సున్నా... వెళ్లు! ఒకటి... రెండు...”

“వదినా, దూకు! గోడ పట్టుకుని నిలబడ్డానికి డిపోలో బస్సనుకున్నావా? దూకు!”

“నాలుగు... అయిదు... దూకింది. ఏడు... ఎనిమిది... లేచిందా?”

“లేచింది! లేచింది బేసిల్ గారూ! అదిగో తల! అదిగో చెయ్యి!”

“పద్నాలుగు... పదిహేను... భుజం పట్టేసిందని చెప్పింది కదమ్మా?”

“అవునండీ.”

“ఏ భుజం?”

“ఆ... రెండూ.”

“ఆ రెండూ ఇలా తిరుగుతున్నాయేంటి, గాలిమరలా? ఇరవై ఆరు... ఇరవై ఏడు...”

“వదినా! నెమ్మది! సగం దాకా వచ్చేశావ్! రద్దయిపోతావ్!”

“చెవులు నీళ్లలో ఉన్నాయి తల్లీ, వినపడదు. ముప్పై మూడు...”

“గట్టు వెంబడి పరిగెత్తి చెప్తా. వదినా! రెండు నిమిషాలు రాయించుకున్నావే తల్లీ! కాస్త ఆగు! పక్కకి తిరుగు! మేఘాలు చూడు! ఏదో ఒకటి చెయ్యి!”

“నలభై అయిదు... నోలా, నాచు మీద జారతావ్, నడువు... రెండో మనిషి, వెళ్లు! నలభై ఎనిమిది...”

“ఆగట్లేదు! నవ్వుతోంది బేసిల్ గారూ! నీళ్లలో నవ్వుతోంది! బుడగలొస్తున్నాయి!”

“అరవై ఒకటి... అరవై రెండు... అరవై మూడు... ముట్టేసిందా? గోడ ముట్టేసిందా?”

“ముట్టేసింది! ముట్టేసింది!”

“పదిమంది ఇంకా గోడ మీదే ఉన్నారు! దూకనేలేదు! అరవై ఆరు... అరవై ఏడు... ఎవరూ నవ్వకండి, నా లెక్క పోతుంది! అరవై ఎనిమిది...”

“చెయ్యివ్వు వదినా. ఉందా?”

“ఉంది. రాయిలా అంటుకునే ఉంది.”

“అంత వేగం ఏంటి? దెయ్యం పట్టిందా?”

“చలి! ఆగితే గడ్డకట్టేదాన్ని. ముందు చలి. తర్వాత... నోలా, మధ్యలో మర్చిపోయానే.”

“ఏది? టైమా?”

“వాణ్ణి. కొలను సగానికొచ్చాక వాడు గుర్తులేడు. గోడ ముట్టుకునేదాకా గుర్తులేడు. పదహారు నెలల్లో మొదటిసారి. నేనూ నీళ్లూ, అంతే.”

“తువ్వాలు కప్పుకో. పెదాలు నేరేడు పండులా ఉన్నాయ్. ఈ బెంచీ మీద కూచో.”

“మేవిస్! ఇప్పుడు చెప్పు. ఈ క్లబ్బు పుట్టాక యాభై ఏడు సెకన్లు దొంగిలించినవాళ్లు లేరు. ఇన్నేళ్లలో పెద్ద దొంగ అయిదు సెకన్లు కొట్టేశాడు!”

“తప్పే బేసిల్ గారూ.”

“రద్దు! పేరు పలక ఉంటుంది, దిగావు కాబట్టి. గెలుపు మాత్రం లేదు. శిక్ష తెలుసుగా? ఇవాళ కాల్చే సాసేజులన్నిటికీ రొట్టెముక్కల మీద వెన్న నువ్వే రాయాలి.”

“రాస్తా.”

“భుజం నొప్పి అన్నావు!”

“భుజం కాదు బేసిల్ గారూ. పేగు. క్యాన్సరొచ్చి కింద తీసేశారు. పొట్ట మీద సంచి ఉంది. ఇందాక బాకా ఊదింది నోలా కాదు, అదే.”

“...చిక్కుళ్లు?”

“అబద్ధం.”

“ఏడాదిన్నర గుర్రపు నూనె పూశావా మరి?”

“నాలుగు సీసాలు.”

“ఛ! ఎంత మంచి నూనె. నియమాల పుస్తకంలో సంచి గురించి ఒక్క మాటా లేదు. టైము గురించి మూడు పేజీలున్నాయి. వచ్చే చలికాలానికి అరవై అని రాస్తా, ఇంక దొంగవేషాలు వెయ్యకు. ఆ తువ్వాలు సగం ఇటివ్వు, నేనూ కూచుంటా. నా మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇంకా దగ్గరికి జరగమ్మా, గాలి సందులోంచి వస్తోంది.”

“ఇంతకన్నా జరిగితే మీ ఒళ్లో కూచోవాలి బేసిల్ గారూ.”

“అది మూడు పేజీల్లో ఉంది, కూడదు. అదిగో, సాసేజులు మాడ్చేస్తున్నారు వెధవలు. నేను వెళ్లి చూస్తా. మేవిస్, వెన్న పల్చగా రాయి.”

“నోలా, విన్నావా? దగ్గరికి జరగమన్నాడు! నన్ను!”

“విన్నా.”

“నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?”

“నవ్వుతున్నా.”

“నవ్వితే గడ్డం ఎందుకలా వణుకుతోంది? నువ్వు దిగనేలేదు కదా నీళ్లలో?”

“చూస్తుంటే చలేసింది.”

“నోలా. పడుకుంటే ఎలా, తింటే ఎలా, మొగుడితో ఎలా... పదహారు నెలల్లో ఒక్కసారి కూడా అడగనివన్నీ ఇవాళ వరసపెట్టి అడిగావ్. దేనికి?”

“ఊరికే.”

“ఊరికే అంటే ఏంటో నాకు బాగా తెలుసే. నేను ఏడాదిన్నర ఊరికే అన్నా. చెప్పు.”

“యాభై దాటినవాళ్లకి ప్రభుత్వం పోస్టులో పేగు క్యాన్సరు పరీక్ష డబ్బా పంపుతుంది కదా. పుల్లతో తీసి, గొట్టంలో పెట్టి, తిరిగి పంపేది. పంపావా అని నువ్వు పోరు పెట్టావని ఈసారి పంపా.”

“నోలా...”

“మంగళవారం జవాబొచ్చింది, మలంలో రక్తం ఉందట. గురువారం కెమెరా పెట్టి లోపల చూస్తారట. మీ తమ్ముడు రస్‌కి కూడా చెప్పలేదు. నువ్వు ఆ గోడ ముట్టుకుంటేనే చెప్దామనుకున్నా వదినా, ముట్టుకున్నావ్.”